అక్షరమునకు అంకె

గత సంవత్సరము ఆషాఢములో మా ఇంటి అటక దించినాము. ఇల్లు కారుచున్నది, పైన ఉన్నవన్నియు క్రిందికి తెస్తే తప్ప పెంకు సర్దుటకు వీలు లేదు. ఇత్తడి బిందెలు, విరిగిన ఊయలబల్ల, పాత పంచాంగములు దిగిన తరువాత అన్నిటికంటె అడుగున ఒక రేకు పెట్టె దిగినది. అందులో మా తండ్రిగారి పుస్తకము ఉన్నది. పుస్తకమనుట కంటె, పుస్తకములో చెదలు మిగిల్చిన భాగము ఉన్నదనుట సమంజసము.

మా తండ్రిగారు కోనసీమలో మూడు దశాబ్దములకు పైగా ఉపాధ్యాయులుగా పని చేసినారు. విరమణ తరువాత ఊరి సంగతులు వ్రాయ మొదలు పెట్టినారు. దానిని చరిత్ర అని ఆయన ఏనాడు అనలేదు, 'ఊరి చిట్టా' అన్నారు. 1986 ఆగస్టు వరదలో గోదావరి ఎవరి అరుగు ఎన్ని మెట్లు ఎక్కినదో అందులో ఉన్నది. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసుబావి అంటుకొని రెండు నెలలకు పైగా మండిన దినములలో, రాత్రివేళ మా వీధిలో ఎట్టి వెలుగు పడినదో ఉన్నది. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో ఎవరి తోటలో ఎన్ని కొబ్బరిచెట్లు కూలినవో పేరు పేరు వరుసను ఉన్నది. 2001లో రాజమహేంద్రవరములో ఒక డి.టి.పి. దుకాణమునందు కూర్పించి, నూరు ప్రతులు వేయించి, అడిగిన వారికి ఇచ్చినారు, అడుగని వారికిని ఇచ్చినారు. 2009లో ఆయన గతించినారు. ఆ నూరు ప్రతులలో మాకు దొరికినది ఇది ఒక్కటి. దీనిలో చివరి పదునాలుగు ఆకులు చెదలపాలైనవి. తుపాను సంగతి ఆ పదునాలుగు ఆకులలోనే ఉన్నది.

పెట్టెలో మరొక వస్తువు కూడ ఉన్నది. దుకాణదారు ఇచ్చిన సీడీ. దాని మీద మా తండ్రిగారి దస్తూరీతో 'పుస్తకము – పూర్తి' అని వ్రాసి ఉన్నది. అది చూచినంతనే ప్రాణము లేచి వచ్చినది. చెదలు కాగితమును తినును గాని సీడీని తినదు గదా!

మా అబ్బాయి ఇంజనీరింగు చదువుచున్నాడు. వాని ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టుటకు చోటే లేదు. ఇప్పటి యంత్రములలో చాలవానికి లేదు. వీధి చివర ఇంటిలో పాత కంప్యూటరు ఉన్నదని తెలిసి, అడిగి, దుమ్ము తుడిచి, సీడీ పెట్టినాము. అదృష్టవశమున అది తిరిగినది. ఫైలు తెరచినాము. తెర నిండ అక్షరములు వచ్చినవి. ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, తలక్రిందులైన ప్రశ్నార్థకములు, నెత్తి మీద చుక్కలు గల ఏవో యూరపు అక్షరములు. మా వాడు కొంతసేపు చూచి, "నాన్నగారూ, ఇందులో తెలుగు లేదండీ" అన్నాడు.

తెలుగు ఉన్నది. దానిని తెలుగని చెప్పు తాళపుచెవి లేదు. ఈ వ్యవహారము మా ఒక్క ఇంటిది కాదు. మన జిల్లాలలో 1990లు మొదలుకొని కూర్పించిన పెండ్లిపత్రికలు, దేవాలయ చరిత్రలు, ఊరి గ్రంథాలయముల పుస్తకపట్టికలు, వంశవృక్షములు ఎన్నో ఇట్టి పెట్టెలలో, ఇట్టి ఫైళ్లలో ఉండి ఉండును. కనుక అసలు ఏమి జరిగినదో కొంచెము వివరముగా చెప్పెదను.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె అని మనుష్యులు ముందుగా ఒప్పందము చేసికొనవలెను. అమెరికాలో 1963లో అట్టి ఒప్పందము నొకదానిని ప్రమాణముగా ప్రకటించినారు. దానిలో ఉన్నవి 128 స్థానములు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరమునకు 65 అని నిర్ణయించినారు. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, కామాలు, చుక్కలు అన్నియు ఆ 128లో ఇమిడినవి. తరువాత అది 256 స్థానముల వరకు పెరిగినది. అదనముగా వచ్చిన చోట్లలో యూరపు భాషలు కూర్చున్నవి. తెలుగునకు కుర్చీ వేయలేదు.

మన ఊళ్లలో డి.టి.పి. దుకాణములు వెలసిన కాలమునకు పరిస్థితి ఇది. తెలుగులో అచ్చు వేయవలెను, తెలుగునకు అంకెలు లేవు. అప్పుడు మనవారు ఒక ఉపాయము చేసినారు. 65వ అంకె వచ్చిన చోట తెరమీద ఇంగ్లీషు అక్షరమునకు బదులు తెలుగు తలకట్టు గాని, గుడి గాని, కొమ్ము గాని బొమ్మగా కనబడునట్లు ఫాంటును తయారు చేసినారు. కంప్యూటరు మాత్రము తాను ఇంగ్లీషే వ్రాయుచున్నాననుకొనును. కన్నునకు తెలుగు కనబడును. పత్రికలు, పంచాంగములు, పాఠ్యపుస్తకములు ఏండ్ల తరబడి ఇట్లే వెలువడినవి. ఈ ఉపాయమును తక్కువ చేసి మాటలాడుట నాకు ఇష్టము లేదు. అది లేకున్న ఆ కాలమున తెలుగు ముద్రణ అంత వేగముగా నడచి ఉండెడిది కాదు.

చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ఏ అంకెలో ఏ ముక్కను కూర్చోబెట్టవలెనో ఫాంటు చేసిన ప్రతివారు ఎవరికి తోచినట్లు వారు నిర్ణయించుకొన్నారు. పాత అచ్చుకూటములను ఎరిగినవారికి ఇది తేలికగా బోధపడును. వీరేశలింగము పంతులుగారి కాలము నుండి రాజమహేంద్రవరము అచ్చుకూటములకు పేరు పడిన పట్టణము. సీసపు అక్షరములు కూర్చు కంపోజిటరు తన కేసులో ఏ గడిలో ఏ అక్షరము ఉన్నదో కన్ను వేయకయే తీయగలడు. అతనిని మరొక అచ్చుకూటమునకు తీసికొనిపోయి, గడులు వేరు వరుసలో అమర్చిన కేసు ముందు నిలుపుడు. చేయి పాత అలవాటున పోవును. 'రాముడు' అని కూర్చినది మరేదో అగును. మా సీడీలో ఉన్నది మొదటి కేసు వరుస. మా అబ్బాయి యంత్రములో ఉన్నది రెండవ కేసు.

రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయములో తాటాకు ప్రతులు ఉన్నవి. లిపి వచ్చినవారికి వానిని చదువుటకు కన్నులు చాలును. ఇరువది నాలుగేండ్ల వయస్సు గల సీడీని చదువుటకు మాత్రము సీడీ తిప్పు యంత్రము కావలెను, ఆ నాటి ఫాంటు కావలెను, ఆ ఫాంటును నడపు పాత కంప్యూటరు కావలెను. ఈ ముగ్గురిలో ఒకరు రాకపోయినను సాక్ష్యము చెల్లదు.

ఇక పరిష్కారము ఎట్లు వచ్చినదో చెప్పవలెను. ప్రపంచములోని లిపులన్నిటికిని ఒకే పట్టికలో స్థానములు ఇచ్చు ఒప్పందము యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటిలోనే తెలుగునకు 128 స్థానముల వాడ ఒకటి కేటాయింపబడినది. ఆ ఏటనే మన దేశపు ప్రమాణముల సంస్థ భారతీయ లిపులకు 'ఇస్కీ' అను ప్రమాణమును ప్రకటించినది. యూనికోడులో మన లిపుల అమరికకు ఇస్కీయొక్క 1988 నాటి రూపము ఆధారము. యూనికోడ్ లెక్కలో 'అ' 3077, 'క' 3093. ఈ అంకెలు ఎవరును కంఠస్థము చేయ నక్కరలేదు. మన పిన్‌కోడు వంటిదే ఇదియు. 533101 అని వ్రాసిన ఉత్తరమును దేశములో ఏ డబ్బాలో వేసినను రాజమహేంద్రవరమునకే చేరును. ఎవరి ఊరివారు వారికి తోచిన పిన్‌కోడు పెట్టుకొని ఉన్నచో ఉత్తరము ఎక్కడ దిగునో ఊహించుకొనుడు. పాత ఫాంటుల కాలములో మన అక్షరములకు పట్టిన గతి అదియే.

మరొక విశేషము. యూనికోడులో ప్రతి సంయుక్తాక్షరమునకు వేరు అంకె లేదు. 'క్ష' వ్రాయవలెనన్న 'క' అంకె, పొల్లు అంకె, 'ష' అంకె వరుసగా వ్రాయుదురు: 3093, 3149, 3127. వానిని కలిపి అందమైన అక్షరముగా చూపు పని ఫాంటుది. 'లక్ష్మి' మనకు రెండక్షరముల పేరు. యంత్రపు లెక్కలో ఏడు. ఫోనులో పంపు ఎస్.ఎం.ఎస్. సందేశమునకు ఇంగ్లీషులో 160 స్థానములు ఉండగా తెలుగులో 70 మాత్రమే ఉన్నవి. ఆ 70లో గుడి, కొమ్ము, పొల్లు అన్నియు లెక్కకు వచ్చుటయు, చిన్న సందేశమునకే రెండు సందేశముల లెక్క పడుటయు ఇందువలననే.

ఈ కలుపుడు పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతటికిని తెలిసినది. 'జ్ఞా' అను అక్షరమును ఒక ప్రత్యేకమైన వరుసలో, నడుమ కంటికి కనబడని గుర్తు ఒకటి చేర్చి, అయిదు అంకెలుగా పంపినచో ఆపిల్ వారి ఐఫోనులు ఆ సందేశమును చూపలేక స్తంభించిపోయినవి. దేశదేశముల పత్రికలు ఒక తెలుగు అక్షరము ఫోనులను పడగొట్టుచున్నదని వ్రాసినవి. ఆ నెలలోనే సంస్థవారు సవరణ విడుదల చేసినారు. 'జ్ఞానము'లోని మొదటి అక్షరమునకు అంత అపవాదు వచ్చుట విచిత్రమే. తప్పు అక్షరములో లేదు, దానిని కలుపు సూత్రములో ఉన్నది.

తెలుగు వ్రాయుటకును చదువుటకును తగిన ఏర్పాటు 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో సామాన్యుని కంప్యూటరునకు చేరినది. దానితో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన నదీపాయ పేరు ప్రపంచములో లక్షల యంత్రములలోనికి పోయినదన్నమాట. 2009లో వచ్చిన విండోస్ 7లో మరొక తెలుగు ఫాంటు చేర్చినారు. దాని పేరు వాణి. పెద్దవారైన శ్రోతలకు ఆ పేరు ఆకాశవాణి తెలుగు కార్యక్రమముల పత్రికను గుర్తు చేయకపోదు. ఇంకను పాత సంగతి అడుగుదురేని, 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో చదువుచుండిన తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు వ్రాయు పద్ధతిని కూర్చినారు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను ఫాంటులను చేసి ఉచితముగా ఇచ్చినారు. వీవెన్‌గారి 'లేఖిని' ఎందరికో మొదటి తెలుగు పలక అయినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునగారే పాత ఫాంటుల వ్రాతను యూనికోడులోనికి మార్చు 'పద్మ' అను సాధనమును కూడ తయారు చేసినారు. ఇట్టివారిలో ఎక్కువమంది జీతము కొరకు గాక ఇష్టము కొరకు చేసినవారు.

మా ఫైలు సంగతికి వచ్చెదను. మార్చు సాధనములు నేడు పెక్కు ఉన్నవి గాని, ముందు అది ఏ ఫాంటులో కూర్చినదో తెలియవలెను. ఆ దుకాణమును వెదకికొనుచు పోగా అక్కడ ఇప్పుడు ఫోనుల తొడుగులు అమ్ముచున్నారు. చివరకు కూర్పుపని చేసి మానివేసిన ఒక పెద్దమనిషి, చెదలు వదలిన పుటను వెలుగునకు ఎత్తి పట్టి, 'శ' తోకను, 'ఱ' కడుపును చూచి ఫాంటు పేరు చెప్పినారు. వైద్యుడు నాడి పట్టి చెప్పినట్లు చెప్పినారు. ఆ సాయంకాలమే మార్చినాము. ఇరువది నాలుగేండ్ల తరువాత మా తండ్రిగారి వాక్యము తెరమీద తెలుగులో నిలిచినది. ఆ సమయమున ఇంటిలో ఎవరమును మాటలాడలేదు.

అయితే పని అంతటితో తీరలేదు. పాత ఫాంటులలో క్రావడిని అక్షరమునకు ముందు పెట్టెడివారు, కన్నునకు అట్లే కనబడును గనుక. యూనికోడులో హల్లు తరువాత పొల్లు, రకారము రావలెను. ముందున్న దానిని వెనుకకు మార్చుటలో సాధనము కొన్ని చోట్ల తడబడినది. మా పుస్తకములో 'ద్రాక్షారామము' అన్నచోట ఎల్ల 'దాక్షారామము' అని వచ్చినది. మా మేనత్తగారికి ఎనుబది దాటినవి. అన్నగారి వ్రాత ఆమెకు తెలిసినంతగా మరెవరికిని తెలియదు. ఆమెకు ఫోనులో చదివి వినిపించి తప్పులు దిద్దుట మొదలు పెట్టినాను. ఈ తప్పు చెప్పగానే ఆమె నవ్వి, "అందులో తప్పేముందిరా అబ్బాయ్? దక్షుడు యజ్ఞం చేసిన చోటు కాబట్టి దాక్షారామమే అసలు పేరు. నీ మిషను చదువుకున్నదే" అన్నారు. అయినను, "మీ నాన్న మాత్రం ద్రాక్షారామమనే రాసేవాడు, అలాగే ఉంచు" అని తీర్పు చెప్పినారు.

ఇట్టి ఫైళ్లు మీ ఇంటిలో ఉన్నచో ఈ ఏటనే తీయుడు. సీడీ తిరుగు యంత్రములు తగ్గిపోవుచున్నవి. ఆ ఫాంటుల పేర్లు చెప్పగల పెద్దలును తగ్గిపోవుచున్నారు. మార్చిన తరువాత పాత ఫైలును పారవేయకుడు, ప్రక్కనే ఉంచుడు. రేపు ఇంతకంటె మంచి సాధనము వచ్చిన మరల మార్చుకొనవచ్చును. మార్చినదానిని అచ్చుప్రతితో పోల్చి చదువుడు. అచ్చుప్రతి లేనిచో మనిషితో పోల్చి చదువుడు.

ఫైలు కొత్త పద్ధతిలో ఉన్నదో పాత పద్ధతిలో ఉన్నదో తెలిసికొనుటకు చిన్న పరీక్ష కలదు. పీడీఎఫ్ పుస్తకములు తెరమీద చక్కగా తెలుగులోనే కనబడును, ఎందుకనగా ఆ ఫాంటు దానిలోనే దాగి ఉండును. దానిని నమ్మరాదు. ఒక వాక్యమును వ్రేలితో ఒత్తి పట్టి, నకలు తీసి, ఎవరికైన పంపు సందేశములో అతికింపుడు. తెలుగు వచ్చినచో సాధారణముగా భయము లేదు. డాలరు గుర్తులు, ఇంగ్లీషు అక్షరములు వచ్చినచో లోపల ఉన్నది పాత కేసు వరుసయే. ఏమియు నకలు కాకున్నచో అది అక్షరము కాదు, బొమ్మ. డి.టి.పి. వారికి క్రొత్తగా పని ఇచ్చునప్పుడు 'యూనికోడులో కూర్చి, ఆ ఫైలు కూడ మాకు ఇవ్వవలెను' అని ముందే మాట తీసికొనుడు. పని అయిన తరువాత అడిగిన, వేరే ధర చెప్పుదురు.

ఇంటిలోని పాత ఉత్తరములు, దస్తావేజులు ఫోనుతో ఫోటో తీసి ఉంచుకొనుట మంచిదే. కాని ఫోనులు ఆ ఫోటోలకు పెట్టు పేరు వట్టి అంకెల వరుస. పదేండ్ల తరువాత వేయి ఫోటోలలో తాతగారి దస్తావేజు ఏదో ఎట్లు తెలియును? ఫోటో తీసిననాడే 'తాతగారి భూమి దస్తావేజు' అని తెలుగులోనే పేరు మార్చి, సంవత్సరము చేర్చుడు. ఫైలు పేరు తెలుగులో ఉండుటకు నేటి యంత్రములు అడ్డు చెప్పవు. ముఖ్యమైనవానిని టైపు చేసి కూడ ఉంచుడు. నూరు పుటల తెలుగు పుస్తకమును అక్షరములుగా ఉంచినచో ఫోనుతో తీసిన ఒక్క ఫోటో పట్టునంత చోటు కూడ పట్టదు. చోటు చాలదను మాట ఫోటోలకే గాని అక్షరములకు వర్తింపదు.

నకళ్లు ఒక్క చోట ఉంచకుడు. ఒకటి ఫోనులో, ఒకటి ఇంటర్నెట్టులోని ఖాతాలో, ఒకటి చిన్న పెన్‌డ్రైవులో పెట్టి వేరే ఊరిలోని బంధువు ఇంటిలో. ఒకే ఇంటిలో మూడు నకళ్లు ఉన్నచో అవి ఒక్క నకలు క్రిందనే లెక్క. 1986 వరదను, 1996 తుపానును చూచిన డెల్టావాసులకు ఈ మాట మరొకరు చెప్ప నక్కరలేదు.

ఫోనులో తెలుగు వ్రాయుట గూర్చి రెండు మాటలు. చాలమంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో పంపుకొనుచున్నారు. వచ్చిన మాట పళ్లో, పాళ్లో ఊహించవలసి వచ్చుచున్నది. ఫోనులో సెట్టింగులు తెరచి, భాషలు, కీబోర్డులు అను చోట తెలుగును చేర్చిన ఒక్క నిమిషపు పని. ఇంగ్లీషు అక్షరములు నొక్కగా తెలుగు వచ్చు పద్ధతి యువకులకు సులభము. నా మట్టుకు నాకు 1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డు మీద మక్కువ. దానిలో అచ్చులు, గుణింతములు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. పక్షము రోజులు వ్రేళ్లు మొరాయించును, తరువాత కలము కంటె వేగముగా నడచును. ఇంగ్లీషు రాని మా అమ్మగారు మాటతో వ్రాయించు పద్ధతి పట్టుకొన్నారు. ఫోను ముందు నోరు పెట్టి చెప్పుదురు, అది వ్రాయును. 'పనసపొట్టు'ను అది ఎట్లెట్లు వ్రాసినదో వేరే ప్రసంగము చేయవచ్చును.

చివరగా, సొంత వెబ్‌పేజీ పెట్టుకొను వర్తకులకును, సంఘములకును ఒక విన్నపము. 2016 చివర సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమునకు విద్యుత్ స్తంభముల మీదుగా ఫైబరు తీగ వచ్చిననాడు అది పెద్ద వార్త. నేడు కడియము నర్సరీలవారు, ఆత్రేయపురము పూతరేకుల వారు, తాపేశ్వరము కాజాల వారు తమ సరుకును తెరమీద చూపి అమ్ముకొనుట సాధారణమైనది. కాని తెలుగు పేజీలు చేయు పిల్లలు కొందరు తెలుగు పేర్లను బొమ్మగా గీయించి అంటించుచున్నారు. 'సంపెంగ అంట్లు' అని హైదరాబాదులో ఎవరో వెదకినప్పుడు ఆ బొమ్మ వెదకువారికి దొరకునను భరోసా లేదు. చూపు లేనివారికి తెరను చదివి వినిపించు సాధనములకును అది మాటగా అందదు. పేర్లు, ధరలు, చిరునామా అక్షరములుగానే ఉండవలెను. పేజీ తలభాగములో అక్షరసంకేతము యూటీఎఫ్-8 అనియు, భాష తెలుగు అనియు తెలిపితీరవలెను; చదివి వినిపించు సాధనము తెలుగు గొంతుకతో చదువవలెనో ఇంగ్లీషు గొంతుకతో చదువవలెనో సామాన్యముగా ఆ గుర్తును బట్టి నిర్ణయించును. మన అక్షరములకు క్రింద వత్తులు, పైన గుడులు ఉండుట చేత ఇంగ్లీషు వరుసలకు చాలిన ఎడము తెలుగునకు చాలదు. అక్షరపు ఎత్తునకు ఒకటిన్నర రెట్ల పై చిలుకు ఎడము పెట్టించుడు. ఫాంటుల కొరకు ధనము వ్యయము చేయ నవసరము లేదు. మండలి, గిడుగు, గురజాడ, సురవరం వంటి పేర్లతో ఉచితముగా లభించు యూనికోడ్ ఫాంటులు చాలినన్ని ఉన్నవి. వీనిలో పెక్కు 2010ల తొలిసంవత్సరములలో నాటి రాష్ట్ర ప్రభుత్వమును, సిలికానాంధ్ర సంస్థయు కలిసి వెలువరించినవి.

ఫోటోలను ఫోనులో తీసినవి తీసినట్లే పెట్టకుడు; చిన్నవి చేసి పెట్టించుడు. లంకగ్రామములలో సిగ్నలు అందీ అందని చోట పెద్ద ఫోటో దిగులోపల కొనువాని ఓపిక నశించును. ఫోను నంబరు, దుకాణము వేళలు అన్నిటికంటె ముందు, తేలికగా తెరచుకొను అక్షరములలో ఉండవలెను. 2022 మే నెలలో అమలాపురములో అల్లర్లు జరిగి కోనసీమలో కొన్ని దినములు ఇంటర్నెట్టు నిలిపివేసినప్పుడు, ఇంటినుండి కంప్యూటరు ఉద్యోగములు చేయువారు సంచులు సర్దుకొని పొరుగు ఊళ్లకు పోవలసి వచ్చినది. సమస్తమును ఒక్క తీగ మీద వ్రేలాడదీసినచో వచ్చు చిక్కు అది. రేడియోకు ఆ తీగతో పని లేదని నేననుట స్వోత్కర్ష అగునేమో; అనకుండ మాత్రము ఉండలేను.

పట్టిక ఇంకను పెరుగుచునే ఉన్నది. పాత అచ్చుపుస్తకములలో కనబడు నకారపొల్లునకు 2021లో గాని యూనికోడులో వేరు స్థానము దొరకలేదు. అంతవరకు ఆ పుస్తకములను ఉన్నవి ఉన్నట్లుగా ఎక్కింపగోరినవారికి ఆ ఒక్క గుర్తు దగ్గర ఆగవలసి వచ్చెడిది.

మా పుస్తకమును ఇప్పుడు ఫోనులోనే చదువవచ్చును. మొన్న వానలకు గోదావరి పొంగి ఊరివారు 1986 మాట తలచుకొనుచుండగా, మా అబ్బాయి 'అరుగు' అని టైపు చేసి వెదకినాడు. మా ఇంటి అరుగు మీదికి నీరు మూడవ మెట్టు దాటి వచ్చినదని తాతగారు వ్రాసిన వాక్యము వచ్చి నిలిచినది. నాకు అప్పుడు ఏడేండ్లు. నా జ్ఞాపకములో అది అయిదవ మెట్టు. వీధిలోనికి పోయి మెట్లు లెక్కించినాము. ఉన్నవే నాలుగు.

చెదలు తినివేసిన పదునాలుగు ఆకుల వ్రాతలో తేలని మాటలు ఇంకను మూడు ఉన్నవి. రెండు మనుష్యుల ఇంటిపేర్లు, ఒకటి తోట పేరు. మేనత్తగారు ఫోనులో విని పోల్చలేకపోయినారు. కంటితో చూస్తే చెప్పుదునన్నారు. సంక్రాంతికి వచ్చెదమన్నారు. ఆ పుటలను పెద్ద అక్షరములతో అచ్చు తీసి, ఆమె కళ్లజోడు మరచినను చదువగలుగునట్లు సిద్ధము చేసి ఉంచినాను.